వంకర ముక్కు - రెండవ శస్త్రము : నాసికాసంధాన చరిత్రలో ఒక ఘట్టము

తెలుగు కవులకు ముక్కుపై గల మక్కువ లోకవిదితము. పారిజాతాపహరణ కర్తయగు నంది తిమ్మన నాసికను వర్ణించిన ఒక్క పద్యముచేత ముక్కు తిమ్మన యైనాడనియు, ఆ పద్యమును రామరాజభూషణుడు కొని తన వసుచరిత్రమున చేర్చుకొన్నాడనియు ఒక కథ పండితులలో ప్రచారమున నున్నది. కథ నిజమైనను కాకున్నను, ఒక అవయవము పేరు ఒక మహాకవికి ఇంటిపేరు వలె అతుకుకొనుట మాత్రము నిజము. వాడుకభాష యందును ముక్కు చిన్న మాట కాదు. కపటము లేనివాడు ముక్కుకు సూటిగా పోవును. ఆశ్చర్యపడినవారు ముక్కుమీద వేలు వేసికొందురు. కోపిష్ఠికి కోపము ముక్కుమీదనే యుండును. సూటిదనమునకును, మర్యాదకును, అభిమానమునకును ముఖమధ్యమున నున్న ఆ కొలది ఎముకయు మృదులాస్థియు గుర్తులైనవి.

కావుననే పూర్వము ఒకని అవమానింపదలచిన ప్రభువు వాని ముక్కు కోయించుచుండెను. కోయుట యున్నచోట అతుకుట యను విద్యయు పుట్టెను. అతికిన ముక్కు అన్నివేళల చక్కగా కుదురదు గనుక, కుదురని దానిని మరల దిద్దుట యను వేరొక విద్యయు దాని వెంటనే పుట్టవలసివచ్చెను. మొదటి రెండింటిని గూర్చి చరిత్రగ్రంథములలో విరివిగా చదువుదుము. మూడవదాని ప్రసక్తి ఒకటి రెండు వాక్యములతో ముగియుచుండును. ఒకమారు శస్త్రము జరిగిన పిదప వంకరగా నిలిచిన ముక్కును చక్కజేయుట ఎట్లు అను ప్రశ్న నేటి ఆసుపత్రులలో పుట్టినది కాదనియు, అది నాసికాసంధానమంత పాతదనియు, దానికి లభించిన సమాధానములలో ఒక క్రమమున్నదనియు చూపుట ఈ వ్యాసము ఉద్దేశము.

మధుర నాయకుల నాటి ముక్కుల యుద్ధము

తమిళదేశమున స్థిరపడిన తెలుగువారి చరిత్రకును కోసిన ముక్కుల చరిత్రకును ఒక సంబంధము కలదు. మధురను 1623 నుండి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుడు తెలుగువాడు. విజయనగర ప్రభువుల ప్రతినిధులుగా దక్షిణమునకు వచ్చిన నాయకుల వెంట తెలుగు దండులును, సేద్యగాండ్రును వచ్చి మధుర, తిరునల్వేలి సీమలలో నిలిచిపోయిరి. తిరుమల నాయకుని కడపటి యేండ్లలో, అనగా 1656 ప్రాంతమున, మైసూరు ప్రభువగు కంఠీరవ నరసరాజు సేనలు సత్యమంగలము వైపునుండి మధుర రాజ్యముపై పడినవి. చిక్కినవారిని చంపక, పైపెదవితో కూడ ముక్కు కోసి, ఆ ముక్కులను మూటలు గట్టి మైసూరునకు పంపినట్లు ఆనాడు దక్షిణమున నుండిన జెసూట్ మతాచార్యుల లేఖలవలన తెలియుచున్నది. చరిత్రయందు దీనికి 'ముక్కుల యుద్ధ'మని పేరు. రోగపీడితుడై యున్న తిరుమల నాయకుడు రామనాథపురపు సేతుపతి సాహాయ్యము కోరెను. సేతుపతి దండు వచ్చి మైసూరువారిని తరిమెను. పిమ్మట నాయకుని తమ్ముడు కుమారముత్తు మైసూరు సీమలో ప్రవేశించి, చేసినదానికి ప్రతిగా అదే పని చేయించెను.

ఈ యుద్ధమును ఒక వింతగా చెప్పి విడుచుట పరిపాటి. కాని ఆ మూటలలోని ఒక్కొక్క ముక్కునకు ఒక్కొక్క మనుష్యుడుండెను. వాడు చావలేదు. ఇంటికి తిరిగిపోయెను, పొలము దున్నెను, సంతకు పోయెను, బిడ్డల పెండ్లిండ్లు చేసెను. చూచిన ప్రతివాడును వాని ముఖము నడుమనే చూచుచుండెను. అట్టివారు తెలుగు, తమిళము, కన్నడము మాటలాడు సీమలన్నింటను ఉండియుందురు. ఇట్టివారికి నాటి వైద్యులేమి చేయగలిగిరి?

దీనికి సమాధానము వెనీసు నగరమునుండి వచ్చి, మొగలు రాజ్యమున వైద్యవృత్తి నెరపి, కడకు చెన్నపట్టణమున స్థిరపడిన నికొలావ్ మనుచ్చి రచనలో దొరకుచున్నది. బిజాపురమువారికిని మైసూరువారికిని జరిగిన పోరులో ముక్కులు పోయినవారిని గూర్చి చెప్పుచు అతడు దేశీయ శస్త్రవైద్యుల పద్ధతిని వర్ణించెను. కనుబొమలకు పైనున్న నొసటి చర్మమును కోసి, క్రిందికి దింపి, పచ్చిమాంసము పచ్చిమాంసమునకు తగులునట్లు ఒక మెలిక త్రిప్పి గాయమునకు అతికించుచుండిరట. ఊపిరి ఆడుటకై అడుగున ఏదో యొక అడ్డు ఉంచుచుండిరట. మెలిక పడినచోట, రెండు కన్నుల నడుమ, చిన్న రంధ్రము మిగులుచుండెడిదట. ఇట్టివారిని పెక్కుమందిని తాను చూచితిననియు, ఆ ముక్కులు లోపము లేనివి కాకపోయినను అసలే లేకుండుటకంటె మేలనియు మనుచ్చి వ్రాసెను. 'లోపము లేనివి కావు' అను మాట గమనింపదగినది. 17వ శతాబ్దపు ప్రత్యక్షసాక్షి ఈ విద్యను మెచ్చుకొనుచునే దాని కొదువను కూడ నమోదు చేసినాడు. మన ప్రశ్న అక్కడనే మొదలగుచున్నది.

పూనా సమీపమున ఇటుకలవాడు

నూరేండ్లు గడచిన పిమ్మట మైసూరు యుద్ధములే ఈ విద్యను ప్రపంచమునకు చాటినవి. 1790 నుండి 1792 వరకు జరిగిన మూడవ మైసూరు యుద్ధమున ఆంగ్లసేనకు ఎద్దుల బండ్లు తోలుచుండిన కవాస్జీ యను మహారాష్ట్రుడు టిప్పూ సుల్తాను సేనకు చిక్కెను. వారు వాని ముక్కును, ఒక చేతిని కోసి విడిచిరి. వానితోపాటు నలుగురు 'తిలంగా'లకును ఇదే గతి పట్టినట్లు శస్త్రవైద్య చరిత్రకారులు వ్రాసిరి. ఈ 'తిలంగా' అను మాటను గూర్చి మనము కొంచెము ఆగి చూడవలెను. ఆంగ్లేయులును, ఫ్రెంచివారును తొలుత కోరమండల తీరమున సిపాయీలను చేర్చుకొనిరి. వారిలో తెలుగువారు పెక్కుమంది. ఆ దండులు ఉత్తరాదికి పోగా, అచటివారు దేశీయ సిపాయి నెల్ల 'తిలంగా' యని పిలువసాగిరి. కావున ఆ పదమునుబట్టియే ఆ నలుగురి మాతృభాష తెలుగని నిర్ణయించుట తగదు. అయినను మన జాతిపేరు ఆ కథలో నిలిచియుండుట మాత్రము స్మరణీయము.

ఏడాదికి పైగా ముక్కు లేక తిరిగిన కవాస్జీకి పూనా సమీపమున ఇటుకలు చేయు కులమువాడొకడు క్రొత్త ముక్కును అమర్చెను. బొంబాయి సర్కారు వైద్యులిద్దరు, థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే యనువారు, ఈ పద్ధతిని కండ్లార చూచిరి. ఆ వృత్తాంతము లండను నగరమున వెలువడు జెంటిల్‌మన్స్ మాగజీన్ అను పత్రికలో 1794 అక్టోబరు నెలలో, కవాస్జీ చిత్రముతో కూడ, అచ్చుపడెను. వైద్యుల పేర్లు నిలిచినవి, రోగి పేరు నిలిచినది, కత్తి పట్టిన ఇటుకలవాని పేరు మాత్రము ఎవరును వ్రాయలేదు.

వాని పని క్రమము ఇట్టిది. మైనమును పలుచని రేకుగా చేసి, మిగిలిన ముక్కు మొదటికి పొందునట్లు మలచి, పిదప దానిని చదునుచేసి నొసటిపై పరచెను. దాని చుట్టును గీత గీసి, అంత చర్మమును లేవదీసెను. కనుబొమల నడుమ మాత్రము సన్నని కాడను కోయక విడిచెను. ఆ కాడ గుండ వచ్చు రక్తమే క్రొత్త ముక్కును బ్రతికించును. పాత గాయపు అంచులను పచ్చిచేసి, చర్మమును మెలిత్రిప్పి దింపి, అంచులను కోతలో దూర్చెను. కాచును నీట మెత్తజేసి, గుడ్డపేలికలపై పూసి, ఐదారు పొరలుగా వేసి అతుకును బిగించెను. నాలుగు దినములైన పిదప దానిని తీసి, నేతిలో తడిపిన గుడ్డలు వేసెను. పదియవ దినమున ముక్కుపుటములలో మెత్తని గుడ్డను పెట్టెను. సుమారు ఇరువదియైదవ దినమున కాడను కోసి, ఆ సమయముననే క్రొత్త ముక్కు ఆకారమును మరికొంత చెక్కి దిద్దెను.

ఈ వృత్తాంతమును చదువు ప్రతివాడును మైనపు రేకును, నొసటి చర్మమును చూచి ఆశ్చర్యపడును. కాని ఆ కడపటి వాక్యమే మన విషయమునకు ముఖ్యము. ఇటుకలవాడు తన మొదటి పనిని ముగింపుగా భావింపలేదు. మట్టి ఆరిన పిదపగాని ఇటుక వంకర తెలియనట్లు, మాంసము కుదిరిన పిదపగాని ముక్కు వంకర తెలియదని వానికి తెలియును. కాబట్టియే రెండవ కోతకు ముందుగనే ఒక దినమును కేటాయించుకొనెను.

సుశ్రుతుడు చెప్పినది

ఈ జ్ఞానము వాని తాతలనాటిది మాత్రమే కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున 16వ అధ్యాయము చెవి కుట్టుటను, తెగిన చెవి తమ్మెలను అతుకుటను బోధించుచు, దాని చివర నాసికాసంధానమును చెప్పినది. పోయిన ముక్కంత ఆకును కోసి కొలత తీసికొనవలెను. ఆ కొలతకు సరిగా, ఒకవైపు అంటియుండునట్లు, చెంప చర్మమును లేవదీయవలెను. ముక్కు మొదటిని గీకి పచ్చిచేసి, చర్మమును దానికి అతికి కట్టవలెను. రెండు గొట్టములను పుటములలో పెట్టి ముక్కును ఎత్తి నిలుపవలెను. పత్తంగము, అతిమధురము, రసాంజనము పొడిచేసి చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో మాటిమాటికి తడుపవలెను. సుశ్రుతుడు చెప్పినది చెంప చర్మము, పూనా ఇటుకలవాడు వాడినది నొసటి చర్మము. చేయి మారినది, చోటు మారినది, సూత్రము మారలేదు.

ఆ ప్రకరణము అతుకు కుదురుటతో ముగియదు. కుదిరిన పిదప అంటియున్న మిగులు భాగమును మరల కోయవలెననియు, ముక్కు కొరతపడినచో దానిని మరల పెంచుటకు యత్నింపవలెననియు, మాంసము మితిమీరి పెరిగినచో సమము చేయవలెననియు సుశ్రుతుడు చెప్పెను. రెండవ శస్త్రమునకు ఇంతకంటె సంగ్రహమైన సూత్రము దొరకదు. కొరతయైనచోట చేర్చుము, అధికమైనచోట తీయుము, కాని మొదట కుదురనిమ్ము. వంకరయన్నది ప్రత్యేకమైన వస్తువు కాదు. ఒకవైపు కొరతయో, వేరొకవైపు ఆధిక్యమో, లేక రెండునో కలసి వంకరగా కనబడును. తరువాతి రెండువందల యేండ్లలో పడమటి వైద్యులు పలు తప్పటడుగులు వేసి చేరుకొన్న విషయము ఇదియే.

పడమటి దేశముల మార్గము

ఐరోపాలో 15వ శతాబ్దమున సిసిలీ ద్వీపపు బ్రాంకా కుటుంబమువారు చేతి చర్మముతో ముక్కు కట్టుచుండిరి. బొలోనా నగర ఆచార్యుడు గాస్పరే టాలియకొట్సీ 1597లో దీనిపై పెద్ద గ్రంథమును ప్రకటించెను. రోగి భుజము చర్మమును ముక్కునకు అంటించి, కుదురువరకు చేతిని తలకు కట్టియుంచుట ఆతని పద్ధతి. ఆతని పిమ్మట ఆ విద్య ఐరోపాలో చాలకాలము మరుగుపడెను. 1794 నాటి పూనా వార్తయే దానిని మేల్కొలిపినది. లండను వైద్యుడు జోసెఫ్ కార్ప్యూ ఇరువది యేండ్లు వేచి, శవములపై అభ్యసించి, 1814 అక్టోబరు 23న ఒక సైనికోద్యోగికి నొసటి చర్మముతో ముక్కు కట్టెను. 1816లో రెండు శస్త్రముల వృత్తాంతమును గ్రంథముగా అచ్చువేసెను. 1818లో బెర్లిను ఆచార్యుడు గ్రేఫె వ్రాసిన గ్రంథముతో ఈ విద్యకు ఆ దేశములలో నేటి పేరు స్థిరపడెను.

ఇంతవరకు అందరి దృష్టియు పైచర్మముపైననే. కాని చర్మమొక్కటే ముక్కు కాదు. లోపల ఆధారము లేనిచో క్రొత్త ముక్కు నెలలు గడచినకొలది ముడుచుకొనును, ఒరుగును, పుటములు మూసికొనును. ఈ లోపమును దిద్దుటలో మన దేశమునను కృషి జరిగెను. జునాగఢ్ సంస్థానపు వైద్యుడు త్రిభువనదాస్ మోతీచంద్ షా 1889లో నూరుమంది రోగుల వృత్తాంతమును ప్రకటించెను. ఆ సీమలో ఒక బందిపోటు జనుల ముక్కులు కోయుచుండగా, ఈ వైద్యుడు అతుకుచుండెనని సామెత పుట్టినది. ఇండోరున నుండిన కీగన్ అను వైద్యుడు క్రొత్త ముక్కునకు లోపలివైపునను చర్మపు పొర వేయు పద్ధతిని వృద్ధిచేసి 1900లో గ్రంథము వ్రాసెను. పైపొర, లోపొర రెండును సిద్ధమైనవి. వాటి నడుమ నిలువవలసిన కట్టడము ఇంకను మిగిలెను.

లోపలి కట్టడము

ముక్కును ఒక పూరింటితో పోల్చవచ్చును. పై మూడవవంతు ఎముక. నడిమి భాగమున రెండు ప్రక్కల మృదులాస్థి పలకలు కప్పువలె వాలియుండును. కొనయందు రెండు వంపుతిరిగిన మృదులాస్థులు పుటములను నిలబెట్టును. వీనికన్నింటికి నడుమ, రెండు పుటములను వేరుచేయు గోడ నిట్రాటవలె నిలిచియుండును. నిట్రాడు ఒరిగినచో ఇంటి కప్పును ఎంత సరిచేసినను ఇల్లు వంకరగనే యుండును. ముక్కు విషయమునను అంతే. నడిమి గోడ ఎటు పోవునో ముక్కు అటు పోవును.

1884లో కొకెయిను మందుతో స్థానికముగా స్పర్శ పోగొట్టుట తెలిసిన పిదప ముక్కు లోపలినుండియే శస్త్రము చేయుట సుకరమయ్యెను. అమెరికాలోని రోచెస్టరు నగరపు జాన్ ఓర్లాండో రో 1887లో బైట మచ్చ పడకుండ ముక్కు కొనను తగ్గించు పద్ధతిని ప్రకటించెను. బెర్లినులో జాక్ యోజెఫ్ 1898లో, పెద్ద ముక్కువలన నలుగురిలో తిరుగుటకు సిగ్గుపడుచుండిన ఒకనికి శస్త్రము చేసి, ముఖము మారిన వాని మనస్సును కుదుటపడెనని వైద్యసభలో వివరించెను. అప్పటినుండి కోసిన ముక్కును అతుకుటయే కాక, ఉన్న ముక్కును మార్చుటయు వైద్యమున భాగమయ్యెను. దానితో చెడిన శస్త్రముల సంఖ్యయు పెరిగెను.

అదే కాలమున, 1902 నుండి 1904 లోపల, అమెరికాలో ఫ్రీయరు, జర్మనీలో కిలియన్ వంకరపోయిన నడిమి గోడను లోపొరల నడుమనుండి చాలవరకు తీసివేయు పద్ధతిని ప్రచారము చేసిరి. ఊపిరి ఆడనివారికి అది గొప్ప ఉపకారమే. కాని తీసినది మితిమీరినచోట ఏండ్లు గడచిన పిమ్మట ముక్కు నడుము క్రుంగి జీనువలె పల్లమైనది, లేక ఒక ప్రక్కకు ఒరిగినది. నిట్రాటను నరికిన ఇల్లు నిలుచునా? ఈ అనుభవముననుండియే 20వ శతాబ్దపు మధ్యభాగమున షికాగోలోని మారిస్ కాటిల్ మున్నగువారు గోడను తీయుట కాదు, నిలబెట్టుటయే కార్యమని బోధించిరి. తీసినను మూలమట్టము ఆకారమున పైనొకటి, ముందొకటి, కనీసము ఒక సెంటీమీటరు వెడల్పుగల పట్టెలను విడువవలెననుట నేటి శస్త్రవైద్యులకు మొదటి పాఠము.

శస్త్రానంతరము ముక్కు వంకరగా నిలుచుటకు గల కారణములిపుడు తెలియును. ఎముకను ఒకవైపు పూర్తిగా, వేరొకవైపు సగముగా కోసియుండవచ్చును. నడిమి గోడ వంపును దిద్దకయే పైరూపును దిద్దియుండవచ్చును. దిద్దినను మృదులాస్థి తన పాత వంపును జ్ఞాపకము పెట్టుకొని తిరిగి వంగియుండవచ్చును. ఒకవైపు ఎక్కువ తీయుటవలన ఆ ప్రక్క క్రుంగియుండవచ్చును. లోపలి మచ్చ ముడుచుకొని కొనను లాగియుండవచ్చును. పెట్టిన మృదులాస్థి ముక్క జారియుండవచ్చును. ఇవియేవియు కాక, ముఖమే సహజముగా ఒకవైపు కొంచెము చిన్నదై యుండవచ్చును. అట్టి ముఖముపై నిట్టనిలువు ముక్కును నిలుపుట ఎవరికిని శక్యము కాదు.

నేటి మార్గములు

మొదటి మార్గము వేచియుండుట. శస్త్రమైన వెంటనే కనబడు వంకరలో కొంత వాపువలననే కలుగును. మచ్చ మెత్తబడుటకు, చర్మము లోపలి కట్టడమునకు అంటుకొనుటకు సాధారణముగా ఏడాది, దళసరి చర్మముగలవారికి అంతకంటె ఎక్కువ పట్టును. అందుచే అత్యవసర కారణము లేనిదే ఏడాది గడువక రెండవ శస్త్రము చేయరు. సుశ్రుతుడు 'కుదిరిన పిదప' అని విధించుటకును, ఇటుకలవాడు దినములు లెక్కించుటకును కారణమిదియే. కొందరికి ఈ గడువులోనే వంకర తగ్గి, రెండవ శస్త్రముతో పనియుండదు.

రెండవ మార్గము సూదిమందుతో పల్లమును నింపుట. హయలురానిక్ ఆమ్లముతో చేసిన జిగురు పదార్థమును పల్లమైనచోట ఎక్కించినచో వంకర కంటికి కనబడదు. కాని అది నెలలు గడచినకొలది కరగిపోవును, లోపలి గోడను సరిచేయదు, ఊపిరికి మేలు చేయదు. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఒకమారు కోసిన ముక్కులో రక్తనాళములు తమ సహజమార్గము తప్పియుండును. సూదిమందు నాళములో ప్రవేశించినచో చర్మము చచ్చును, అరుదుగా కంటిచూపు పోవును. కావున దీనిని చిన్న పనిగా తలచి నడివీథి అలంకారశాలలలో చేయించుకొనుట ప్రమాదకరము.

మూడవది మరల కోసి కట్టుట. ఇందును తారతమ్యములు కలవు. వంకర ఎముకయందే యున్నచో ఎముకను మరల కొలతప్రకారము కోసి కదలించెదరు. నడిమి గోడ వంగియున్నచో దానిని సరిచేసి, బలమైన పట్టెను ప్రక్కన కుట్టుదురు. మరీ ముక్కలైన గోడను బైటికి తీసి, బల్లపై చక్కగా కూర్చి, తిరిగి లోపల నిలుపుటయు కలదు. నడిమి భాగము క్రుంగినచోట గోడకును ప్రక్కపలకకును నడుమ సన్నని మృదులాస్థి పట్టెను చొప్పించు పద్ధతిని జాక్ షీన్ 1984లో వివరించెను. ఇది రూపమును చక్కజేయుటయే కాక ఊపిరి దారిని కూడ వెడల్పు చేయును. ముక్కు క్రిందిభాగమున చిన్న కోత కోసి, చర్మమును పైకెత్తి కట్టడమునంతయు కన్నులతో చూచుచు పనిచేయు బాహ్యపద్ధతి 1970 దశకమున కెనడా వైద్యుడు విల్‌ఫ్రెడ్ గుడ్‌మన్ వంటివారివలన వ్యాపించెను. మచ్చలతో చిక్కుపడిన ముక్కులో చేయి తడవి పోల్చుకొనుటకంటె కంటితో చూచుట మేలు గనుక, రెండవ శస్త్రములలో దీనినే ఎక్కువగా వాడుదురు.

చేర్చుటకు మృదులాస్థి ఎక్కడిది? మొదటి యాకరము ముక్కు గోడయే. కాని మొదటి శస్త్రమున దానిని తీసియుందురు. చెవి మృదులాస్థి చిన్న పనులకు సరిపోవును గాని అది మెత్తనిది, వంపుగలది. బలమైన పట్టె కావలసినచో ప్రక్కటెముక మృదులాస్థిని తీయవలెను. దీనికొక దుర్గుణము కలదు. చెక్కిన పిదప అది మెల్లమెల్లగా వంగును. 1958లో బ్రిటిషు వైద్యులు గిబ్సన్, డేవిస్ ఇందుకు కారణము కనుగొనిరి. ప్రక్కటెముక మృదులాస్థి పైపొర ఎల్లపుడు బిగువుతో లాగుచుండును. ఒకవైపు మాత్రమే చెక్కినచో చెక్కనివైపు బిగువు గెలిచి, ముక్క అటు వంగును. అన్నివైపుల సమముగా చెక్కి నడిమి భాగమును తీసికొన్నచో వంగుట తగ్గును. వంకరను దిద్దుటకు పెట్టినదే క్రొత్త వంకరకు మూలము కాకుండుటకు ఈ సూత్రము రక్ష. ఒకవైపే ఎండ తగిలిన పచ్చి ఇటుక తిరుగబడుటను ఎరిగిన పూనా పనివాడు ఈ మాటను విన్నచో తల ఊపియుండును.

నాలుగవ మార్గము దిద్దక కప్పుట. ఎముకకు మరల కోత పెట్టుటవలన ప్రమాదము ఎక్కువయని తోచినచో, పల్లమైనచోట మృదులాస్థి ముక్కను పరచి చూపునకు సరళముగా కనబడునట్లు చేయుదురు. ఇక ఐదవది, ఏమియు చేయకుండుట. ఊపిరి చక్కగా ఆడుచు, వంకర స్వల్పమైయున్నచో, 'ఇంతతో ఆపుదము' అని చెప్పగల వైద్యుడే ఉత్తముడు. ప్రతి కోతయు మరికొంత మచ్చను మిగుల్చును, చర్మమునకు రక్తప్రసారమును తగ్గించును. రెండవదానికంటె మూడవది కష్టము, మూడవదానికంటె నాల్గవది కష్టము.

మన మాటలో అడుగవలసినవి

ఈ చరిత్రను తెలుగువారి సంచికలో చెప్పుటకు యుద్ధకథలే కారణము కాదు. షోలాపురము, భీవండి, ముంబయి మున్నగు పట్టణములలో తరతరములుగా నున్న తెలుగువారు ఆసుపత్రికి పోయినపుడు ఎదురగునది మరాఠీ, లేక ఆంగ్లము. ఇతర రాష్ట్రములందును ఇట్లే ఆయా భాషలు. ఇంట తెలుగు, బడిలో వేరొక భాష, సమ్మతిపత్రముపై ఇంకొక భాష. చేవ్రాలు చేయువాడు దేనికి చేవ్రాలు చేయుచున్నాడో పూర్తిగా ఎరుగడు. తెలుగు పాఠము చెప్పువారికి ఇది వైద్యవిషయము మాత్రమే కాదు, భాషావిషయము కూడ. తన బాధను తన మాటలో చెప్పలేనివాడు తన ముఖమును గూర్చి తానే నిర్ణయించుకొనలేడు.

కావున రెండవ శస్త్రమునకు పోవువారు అడుగవలసినవానిని మన మాటలో ఇచట క్రోడీకరించుచున్నాను. మొదటి శస్త్రమున ఏమి తీసిరి, ఏమి చేర్చిరి? ఆ కాగితములు మనవద్ద నున్నవా? వంకర ఎముకలో నున్నదా, గోడలో నున్నదా, కొనలో నున్నదా? ఊపిరి రెండు పుటములనుండి ఆడుచున్నదా? చేర్చవలసిన మృదులాస్థిని ఎక్కడినుండి తీయుదురు? చెవినుండియైనచో ఏమగును, ప్రక్కటెముకనుండియైనచో ఏమగును? ముఖము సహజముగనే సమముగా లేనిచో ఎంతవరకు చక్కబడును? ఈ శస్త్రము కుదురనిచో తరువాతి దారి ఏది? ఇవి వైద్యుని శంకించు ప్రశ్నలు కావు. మంచి వైద్యుడు అడుగకున్నను చెప్పునవియే.

సుశ్రుతుడు మొదలు నేటివరకు ఈ విద్య నడచిన తీరును చూచినచో ఒక్క విషయము స్పష్టము. చర్మముతో మొదలై, లోపొరకు పోయి, కడకు నడిమి గోడకు చేరినది. ప్రతి తరమువారును తమ ముందరివారు విడిచిన వంకరనుండియే పాఠము నేర్చిరి. రెండవ శస్త్రము మొదటిదాని పరాజయము కాదు, దాని విమర్శ. కొరతను చేర్చి, ఆధిక్యమును తీసి, ఆధారమును నిలిపి, కాలమును గౌరవించిన చేయి గెలిచినది. తొందరపడి తీసిన చేయి, ఎంత నేర్పుగలదైనను, ఓడినది. ముక్కుల మూటలు మోసిన రాజుల పేర్లు శాసనములలో నున్నవి. ఒక బండివాని ముఖమును తిరిగి నిలిపిన ఇటుకలవానికి శాసనము లేదు. వాని పద్ధతి మాత్రము నేటికిని శస్త్రశాలలలో జీవించియున్నది. పెద్ద గాయములకు ముక్కు కట్టవలసివచ్చినపుడు నేటి వైద్యుడును నొసటి చర్మమునే దింపుచున్నాడు, కాడను విడుచుచున్నాడు, వారములు లెక్కించి దానిని కోయుచున్నాడు, అటుపిమ్మట ఆకారమును దిద్దుచున్నాడు.